మునిగిన మోటారుకు నీటి కంటే తొందరే ఎక్కువ చేటు

వాగు పొంగి తగ్గింది. చేలో ఒండ్రు మేట వేసింది. గట్టు మీదికి వచ్చిన రైతు ముందు పైరు చూస్తాడు, ఆ వెంటనే మోటారు దగ్గరికి నడుస్తాడు. మోటారు బురదలో కూరుకుపోయి ఉంటుంది. స్టార్టరు డబ్బా లోంచి ఇంకా నీళ్లు కారుతుంటాయి. ఈ స్థితిలో చాలామంది చేసే పని ఒక్కటే. పైపైన తుడిచి, ఒక పూట ఎండలో ఉంచి, కరెంటు రాగానే "ఒకసారి వేసి చూద్దాం, తిరిగితే తిరుగుతుంది" అని మీట నొక్కడం. మోటారు ఒక్కసారి మూలుగుతుంది, పొగ వస్తుంది, వైండింగు కాలిపోతుంది. వరద చేయని నష్టం ఆ ఒక్క నొక్కు చేస్తుంది.

2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు ఖమ్మాన్ని, బుడమేరు విజయవాడను ముంచాయి. ఇంత పెద్ద వరదలే రానక్కర్లేదు. ఏటా వాగుల పక్కన, చెరువుల కింద, కాలువ గట్ల మీద ఉన్న మోటార్లు ఎక్కడో ఒకచోట మునుగుతూనే ఉంటాయి. వరద పోయిన పది పదిహేను రోజులకే మళ్లీ తడి అవసరం వస్తుంది. మిగిలిన పైరును నిలుపుకోవాలన్నా, పోయిన చోట మళ్లీ నారు పోయాలన్నా మోటారు ఆడాలి. అప్పుడు రివైండింగు షాపుల ముందు బారులు తీరతాయి. ఎకరం, రెండెకరాల రైతుకు ఆ ఖర్చూ బరువే, ఆ ఆలస్యమూ బరువే. మునిగిన మోటారును ఓపికగా ఆరబెట్టుకుంటే చాలావరకు రివైండింగు లేకుండానే బాగుచేసుకోవచ్చు. ఎలాగో వివరంగా చూద్దాం.

నీరు చేసేది ఏమిటి? కరెంటు చేసేది ఏమిటి?

మోటారు లోపల స్టేటరు గాడుల్లో రాగి తీగ చుట్టలు ఉంటాయి. ప్రతి తీగ మీదా పలుచని ఎనామిల్ పూత, చుట్టలన్నిటి మీదా వార్నిష్ ఉంటాయి. గాడులకూ చుట్టలకూ మధ్య ఇన్సులేషన్ కాగితం ఉంటుంది. కరెంటు ఒక తీగలోంచి పక్క తీగలోకి గానీ, మోటారు బాడీలోకి గానీ దూకకుండా ఆపేవి ఇవే. నీళ్లలో మునిగితే ఈ కాగితం, వార్నిష్ పగుళ్లు తడిని పీలుస్తాయి. రాగి మాత్రం చెక్కుచెదరదు. తడిని పూర్తిగా తీసేస్తే ఇన్సులేషన్ చాలావరకు తన బలానికి తాను వచ్చేస్తుంది.

తడి ఉండగానే కరెంటు ఇస్తే సంగతి వేరు. కరెంటు ఆ తడి దారిన బాడీకి పారుతుంది. పారిన చోట వేడి పుట్టి పూత మాడుతుంది. మాడిన చోట తీగకు తీగ తగిలి షార్టవుతుంది. ఆ తర్వాత ఎంత ఆరబెట్టినా లాభం లేదు, చుట్టలన్నీ తీసి కొత్తగా చుట్టాల్సిందే.

ఇంకొక సంగతి. వరద నీరు మంచినీరు కాదు. అందులో సన్నని ఒండ్రు, ఎరువుల ఉప్పు, పేడ, మురుగు అన్నీ ఉంటాయి. నీరు ఆరిపోయినా ఇవి లోపలే మిగిలిపోతాయి. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. అందుకే కడగకుండా ఎండబెట్టిన మోటారు ఆ రోజుకు బాగున్నట్టే కనిపించి, ముసురు పట్టిన నాడు కాలిపోతుంది. సముద్రపు నీరు, ఉప్పుటేరు నీరు ఎక్కిన మోటార్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

మోటారు కంటే ముందు మనిషి

పొలంలో నీరు నిలిచి ఉండగా మోటారు దగ్గరికి పోకూడదు. తెగిన తీగ ఎక్కడో నీళ్లలో పడి ఉండవచ్చు. స్తంభం ఒరిగినా, తీగ తెగినా లైన్‌మన్‌కు చెప్పాలి, లేదా 1912 నంబరుకు ఫోను చేయాలి. కరెంటు లేదు కదా అని తీగను చేత్తో పక్కకు తీయకూడదు. ఏ క్షణాన వస్తుందో ఎవరికీ తెలియదు.

ఆటో స్టార్టరు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. కరెంటు రాగానే దానంతట అదే మోటారును ఆడించడం ఆటో స్టార్టరు పని. మోటారు మునిగిందో, మనిషి దాని మీద చెయ్యి వేసి ఉన్నాడో దానికి తెలియదు. 2018 జనవరిలో తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భ జలం వృథా కాకుండా ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు. ఇంకా ఉంచుకున్నవారు వాన ముసురు పట్టగానే ఆటో మీటను ఆఫ్‌లో పెట్టాలి.

నీరు తీశాక మొదటి పని ఫ్యూజులు పీకడం. పొడి కాళ్లతో, రబ్బరు చెప్పులతో, పొడి చెక్క మీద నిలబడి పీకాలి. ఫ్యూజుల దగ్గరే తడి ఉంటే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర లైన్‌మన్ చేత ఆపించాలి. పీకిన ఫ్యూజు క్యారియర్లను అక్కడే వదలకుండా జేబులో వేసుకోవాలి. అవి మీ దగ్గరుంటే ఇంకొకరు తెలియక కరెంటు ఇచ్చే ప్రమాదం ఉండదు.

విప్పే ముందు గుర్తులు

మోనోబ్లాక్ మోటారును దిమ్మె మీదినుంచి విప్పి ఇంటికో, షెడ్డుకో చేర్చాలి. టెర్మినల్ బాక్సు మూత తీయగానే తీగలను ఊడబీకకండి. ముందు సెల్‌ఫోనుతో దగ్గరగా ఫొటో తీసుకోండి. స్టార్ డెల్టా స్టార్టరు ఉన్న మోటారుకు ఆరు తీగలు వస్తాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క రంగు దారం కట్టండి. తిరిగి కలిపేటప్పుడు తారుమారైతే మోటారు కాలిపోతుంది.

తర్వాత ఫ్యాను కవరు, ఫ్యాను, రెండు వైపులా ఉండే మూతలు విప్పాలి. మూత బాడీతో కలిసేచోట సెంటర్ పంచ్‌తో చిన్న గుర్తు కొడితే బిగించేటప్పుడు ఉన్నది ఉన్నట్టు కూర్చుంటుంది. రోటరును బయటికి లాగేటప్పుడు చుట్టల అంచుకు తగలనివ్వకూడదు. ఈ పని ఎప్పుడూ చేయనివారు మెకానిక్ చేతనే చేయించాలి. మెకానిక్ వచ్చేలోగా షాఫ్టును పైపు రెంచితో బలవంతంగా తిప్పవద్దు. బేరింగులో ఇసుక ఉంటుంది, తిప్పితే గాళ్లు పడతాయి.

మళ్లీ నీళ్లతోనే కడగాలి

మునిగిన మోటారును మళ్లీ నీళ్లతో కడగమంటే రైతులు నమ్మరు. కానీ ఇది తప్పనిసరి. బురద ఎండి గట్టిపడకముందే శుభ్రమైన మంచినీళ్లు స్టేటరు మీద ధారగా పోయాలి. మెత్తని బ్రష్షుతో గాడుల అంచుల్లో ఉన్న ఒండ్రును నెమ్మదిగా తీయాలి. కారే నీరు తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉండాలి. ఉప్పునీరు ఎక్కినదైతే మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చి కడగాలి.

వాహనాలు కడిగే ప్రెషరు పంపు వాడకూడదు. ఆ జోరుకు వార్నిష్ లేచిపోతుంది, నీరు ఇంకా లోపలికి దూరుతుంది. పెట్రోలు, థిన్నరు చుట్టల మీద పోయకూడదు. అవి వార్నిష్‌ను కరిగిస్తాయి. పైగా తర్వాత బల్బు వేడికి మంటలు అంటుకుంటాయి. కిరోసిన్‌తో కడగాల్సింది ఒక్క బేరింగులనే.

ఆరబెట్టడం: ఎండ ఒక్కటే చాలదు

కడిగిన స్టేటరును ఒక అంచు మీద నిలబెట్టి నీళ్లు ఓడ్చాలి. తర్వాత గాలి, ఎండ బాగా తగిలేచోట పెట్టాలి. పొద్దు వాలగానే లోపలికి తెచ్చి కప్పాలి. లేకపోతే పగలంతా ఆరింది రాత్రి మంచుకు మళ్లీ తడుస్తుంది. వరద రోజుల్లో మబ్బు, ముసురు ఎక్కువ. అందువల్ల ఒక్క ఎండను నమ్ముకుంటే పని కాదు. లోపలినుంచి వేడి ఇవ్వాలి.

పాతకాలపు ఫిలమెంటు బల్బులు దీనికి బాగా పనికొస్తాయి. 5 హార్స్‌పవర్ మోటారు స్టేటరుకు 100 వాట్ల బల్బులు రెండు లోపల వేలాడదీసి, పైన రేకు కప్పాలి. పైన కొంచెం సందు వదలాలి. ఆవిరి పోయే దారి లేకపోతే అదే తడి లోపల తిరుగుతుంది. బల్బు చుట్టలకు తగలకూడదు. గోనెపట్టా, ప్లాస్టిక్ సంచి దగ్గరలో ఉండకూడదు. ఇప్పుడు ఇళ్లలో వాడే ఎల్‌ఈడీ బల్బులు దీనికి పనికిరావు. అవి వెలుగే గానీ తగినంత వేడి ఇవ్వవు. ఫిలమెంటు బల్బులు దొరకకపోతే రివైండింగు షాపులో ఆరబెట్టే పెట్టె ఉంటుంది, అక్కడ పెట్టించాలి.

వేడి 80 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకూడదు. తొందరగా ఆరుతుందని పొయ్యి మీద పెట్టడం, నిప్పుల మీద కాచడం, మంట చూపడం చేస్తే పైన వార్నిష్ మాడి లోపల తడి అలాగే ఉండిపోతుంది. నిదానమైన వేడి, ఎక్కువ సేపు. ఇదే సూత్రం. రెండు మూడు రోజులు పడుతుంది. పెద్ద మోటారైతే ఇంకా ఎక్కువ పట్టవచ్చు. పైన ముట్టుకుని పొడిగా ఉంది కదా అనుకుంటే పొరపాటే. తడి ఉండేది గాడుల లోపల, మన వేలు వెళ్లని చోట.

మెగ్గర్ చెప్పిందే ఆఖరి మాట

మరి ఆరిందో లేదో తెలిసేదెలా? దీనికి మెగ్గర్ అనే పరికరం ఉంది. 500 వోల్టుల మెగ్గర్ ఒక తీగను చుట్టలకు, ఒక తీగను మోటారు బాడీకి తగిలించి తిప్పితే ఇన్సులేషన్ ఎంత బలంగా ఉందో మెగ్ ఓముల్లో చూపిస్తుంది. కనీసం 1 మెగ్ ఓము రానిదే ఏ పరిస్థితిలోనూ కరెంటు ఇవ్వకూడదు. 5 దాటితే నిశ్చింతగా ఉండవచ్చు. మూడు ఫేజుల చుట్టలనూ విడివిడిగా బాడీతోనూ, తర్వాత ఒకదానితో ఒకటి కలవకుండా ఉన్నాయో లేదో కూడా చూడాలి. మెగ్గర్ వేసేటప్పుడు మోటారును స్టార్టరు నుంచి పూర్తిగా వేరు చేయాలి. తీగ కొసలను చేత్తో పట్టుకోకూడదు.

ఆరబెట్టేటప్పుడు రోజుకు రెండుసార్లు చూసి కాగితం మీద రాసుకోవడం మంచిది. ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. వేడి పెట్టిన మొదట్లో మెగ్గర్ అంకె పెరగడానికి బదులు తగ్గుతుంది. లోపలి తడి కదిలి బయటికి రావడం వల్ల, ఇన్సులేషన్ వేడెక్కడం వల్ల అలా జరుగుతుంది. మోటారు పోయిందని కంగారు పడవద్దు. కొంతసేపటికి అంకె నిలిచి, తర్వాత పెరగడం మొదలవుతుంది. పెరిగి పెరిగి ఒకచోట కదలకుండా నిలబడిందంటే మోటారు ఆరినట్టు లెక్క. మూడు నాలుగు రోజులు గడిచినా అంకె లేవకపోతే అప్పుడు రివైండింగు గురించి ఆలోచించాలి.

ఊళ్లలో చాలామంది మెగ్గర్ లేకుండా సిరీస్ బల్బుతో పరీక్ష చేస్తారు. బల్బు వెలగలేదు కాబట్టి మోటారు మంచిదంటారు. ఇది చాలదు. లెక్క చూడండి. 60 వాట్ల బల్బు నిండుగా వెలగాలంటే సుమారు 260 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారాలి. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు పారినా ప్రాణం మీదికి వస్తుంది. తడిసిన మోటారు ఇన్సులేషన్ 5 వేల ఓములకు పడిపోయిందనుకుందాం. బల్బు మిణుకుమనదు. కానీ 240 వోల్టుల దగ్గర 48 మిల్లీ ఆంపియర్లు బాడీలోకి పారడానికి దారి ఉన్నట్టే. అదే 1 మెగ్ ఓము ఉంటే పారేది పావు మిల్లీ ఆంపియరు కూడా కాదు. బల్బు పూర్తిగా షార్టయిన మోటారునే పట్టిస్తుంది, తడి మోటారును పట్టించదు. మామూలు మల్టీమీటరూ అంతే. దాని బ్యాటరీ కొద్ది వోల్టులది, 415 వోల్టులకు ఇన్సులేషన్ ఆగుతుందో లేదో అది చెప్పలేదు.

మెగ్గర్ ఒక్క రైతు కొనుక్కోవాల్సిన వస్తువు కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న పది పన్నెండు మంది రైతులు కలిసి కొనుక్కుంటే ఒక్క మోటారు కాలకుండా ఆగినా దాని ఫలితం దక్కుతుంది.

పూర్తిగా ఆరాక, మోటారు కొంచెం వెచ్చగా ఉండగానే చుట్టల మీద గాలికి ఆరే ఇన్సులేటింగ్ వార్నిష్ ఒక పూత పూయాలి. తడి మీద వార్నిష్ పూస్తే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

బేరింగులు, పంపు

వైండింగును కాపాడుకుని బేరింగును మరిచిపోతే పడ్డ శ్రమ వృథా. బేరింగు అరిగితే రోటరు స్టేటరుకు రాసుకుని చుట్టలు తెగుతాయి. రెండు పక్కలా మూత ఉన్న బేరింగులు మునిగితే కడగడానికి వీలుండదు, మార్చేయడమే మేలు. తెరిచి ఉన్నవైతే కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, చేత్తో తిప్పి చూడాలి. గరగరమన్నా, పట్టి పట్టి తిరిగినా మార్చాలి. కొత్త గ్రీజు పెట్టేటప్పుడు బేరింగు గదిని పూర్తిగా నింపకూడదు. మూడో వంతు నుంచి సగం దాకా చాలు. నిండుగా కూరితే వేడెక్కుతుంది.

రోటరు మీద తుప్పు పడితే సన్నని ఎమిరీ కాగితంతో రుద్ది తుడవాలి. పంపు వైపు ఇంపెల్లరు విప్పి ఇసుక, పుల్లలు తీయాలి. గ్లాండు తాడు కొత్తది వేయాలి. ఫుట్‌వాల్వులో ఒండ్రు చేరి ఉంటుంది, అదీ కడగాలి.

స్టార్టరు డబ్బా

మోటారు ఆరినా స్టార్టరు తడిగా ఉంటే ప్రమాదం అలాగే ఉంటుంది. డబ్బా తీసి, లోపలి ఒండ్రును మంచినీళ్లతో కడిగి, మోటారులాగే ఆరబెట్టాలి. కాంటాక్టుల మీద బురద మరకలను పొడి గుడ్డతో తుడవాలి. వాటిని ఆకురాయితో గీకితే వెండి పూత పోతుంది. కాయిల్‌ను ఆరబెట్టి మెగ్గర్ వేసి చూడాలి. ఓవర్‌లోడ్ రిలే, ఎంసీబీ మునిగితే మార్చేయడమే మంచిది. అవి మూసి ఉండే వస్తువులు. లోపల ఒండ్రు చేరితే అవసరమైనప్పుడు పడిపోకుండా ఉండిపోతాయి. అవి పడకపోతే కాలేది మోటారే.

కెపాసిటరును ముట్టుకునే ముందు జాగ్రత్త. కరెంటు తీశాక కూడా దానిలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. ఫ్యూజులు పీకిన తర్వాత కొంతసేపు ఆగి, ఆ తర్వాత మెకానిక్ చేత డిశ్చార్జి చేయించాలి. ఉబ్బినా, కారినా మార్చాలి.

ఆయిల్ స్టార్టర్లు ఇంకా చాలా పొలాల్లో ఉన్నాయి. నీరు నూనె కంటే బరువు, అందుకే డబ్బా అడుగుకు చేరుతుంది. పైన చూస్తే నూనె బాగానే కనబడుతుంది. ఆ నూనెను పూర్తిగా ఒంపేసి, డబ్బా కడిగి ఆరబెట్టి, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ గీత దాకా పోయాలి. పాత నూనెను గుడ్డలో వడగట్టి వాడితే నీటి జాడ పోదు.

మొబైల్ స్టార్టరు, బ్యాటరీ స్ప్రేయరు

ఇంటి దగ్గరినుంచే ఫోనుతో మోటారు వేసే మొబైల్ స్టార్టర్లు ఇప్పుడు చాలామంది పెట్టుకుంటున్నారు. దీని లోపల సర్క్యూట్ బోర్డు, సిమ్ కార్డు, చిన్న బ్యాటరీ ఉంటాయి. మునిగిన వెంటనే, ఎంత త్వరగా అయితే అంత త్వరగా బ్యాటరీ తీయాలి. తడి బోర్డు మీద బ్యాటరీ కరెంటు పారుతూ ఉంటే రాగి గీతలు తినేసుకుపోతాయి. బోర్డు మీద పచ్చగా పాచిలాగా కనిపించేది అదే. తర్వాత బోర్డును శుభ్రమైన నీటితో మెత్తని బ్రష్షుతో కడిగి, మొబైల్ రిపేరు షాపుల్లో బోర్డులు కడగడానికి వాడే ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో మరోసారి కడిగించాలి. అది నీటిని తనతోపాటు తీసుకుని ఆరిపోతుంది. దానికి మంట తగలకూడదు.

తడిసిన బోర్డును, ఫోనును బియ్యం డబ్బాలో పెడితే ఆరుతుందనే మాట ఉంది. బియ్యం లోపలి తడిని లాగదు. పైగా తవుడు, దుమ్ము లోపలికి పోతాయి. గాలి తగిలేలా విప్పి ఉంచడమే దానికంటే మేలు.

బ్యాటరీ స్ప్రేయరుకూ ఇదే పద్ధతి. ముందు బ్యాటరీ తీయాలి. స్విచ్చి, చార్జింగు సాకెట్టు, చిన్న మోటారు కడిగి ఆరబెట్టాలి. పాతరకం లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే పైన తుడిచి, టెర్మినళ్ల తుప్పు తీసి వోల్టేజి చూడాలి. లిథియం బ్యాటరీ అయితే దానిని మళ్లీ చార్జింగు పెట్టకూడదు, ఎండలో పెట్టకూడదు, ఇంట్లో ఉంచకూడదు. నీరు దిగిన లిథియం బ్యాటరీ కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఇంటికి, గడ్డివాముకు దూరంగా ఉంచి, కొన్న దుకాణంలో అప్పగించి కొత్తది తీసుకోవాలి.

బోరు మోటారు మునిగితే

సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్లలో ఉండటానికే తయారైంది. దాని తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి వరద వల్ల మోటారుకు నేరుగా భయం లేదు. భయమల్లా మూడు చోట్ల. కేసింగు పైనుంచి బురద నీరు లోపలికి దిగితే పంపు పట్టేస్తుంది. పైన ఉన్న కేబుల్ అతుకులు తడిస్తే కరెంటు కారుతుంది. స్టార్టరు సంగతి పైన చెప్పుకున్నదే. బోరులోకి ఒండ్రు దిగిందని అనుమానం ఉంటే మోటారు వేయకుండా, పైపులు పైకి తీసి, బోరును కంప్రెసరుతో ఊదించి శుభ్రం చేయించాలి. మోటారు పైకి వచ్చినప్పుడు దాని లోపలి పాత నీరు తీసి మంచినీరు నింపి దించాలి. కేసింగు నేలకు కనీసం రెండడుగులు పైకి ఉండి, మూత బిగువుగా ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఆయిల్ ఇంజను

మునిగిన డీజిల్ ఇంజనుకు హ్యాండిల్ వేసి తిప్పకూడదు. నీరు నొక్కుకు లొంగదు. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు సంపు కింది బోల్టు విప్పి ఆయిల్ ఒంపాలి. పాలలాగా తెల్లగా వస్తే నీరు కలిసినట్టే. ఇంజెక్టరు విప్పి, డీకంప్రెషన్ లీవరు ఎత్తి, నెమ్మదిగా తిప్పితే సిలిండరులోని నీరు బయటికి చిమ్ముతుంది. డీజిల్ ట్యాంకు అడుగున చేరిన నీరు, ఎయిర్ ఫిల్టరులోని నీరు తీసేయాలి. కొత్త ఆయిల్ పోసి కొద్దిసేపు నడిపి, ఆ ఆయిల్ కూడా ఒంపేసి మళ్లీ కొత్తది పోయాలి. మొదటిసారి పోసినది కడగడానికే అనుకోవాలి.

మొదటిసారి వేసేటప్పుడు

అన్నీ బిగించాక షాఫ్టు చేత్తో తేలిగ్గా తిరుగుతుందో లేదో చూడాలి. ఎర్తు తీగ బాడీకి గట్టిగా బిగించి ఉండాలి. ఎర్తు గుంటలో జీఐ పైపు, బొగ్గు, ఉప్పు వేసి తడి ఉండేలా చూడాలి. వరదకు గుంట కోసుకుపోయి ఉంటే ముందు అది వేయించి తర్వాతే మోటారు వేయాలి. మూడు ఫేజులకూ సరైన ఫ్యూజు తీగలే వాడాలి. రాగి తీగ మెలిపెట్టి వేస్తే ఫ్యూజు ఉన్నా లేనట్టే.

పంపులో నీళ్లు పోసి మోటారు వేయాలి, పొడిగా తిప్పకూడదు. మొదట ఐదు నిమిషాలు చాలు. 5 హార్స్‌పవర్ త్రీఫేజు మోటారు నిండు పని చేసేటప్పుడు సుమారు 7 నుంచి 7.5 ఆంపియర్లు లాగుతుంది. మీ మోటారు నేమ్‌ప్లేటు మీద దాని అంకె ఉంటుంది. అమ్మీటరు దానికి మించి చూపినా, మూడు ఫేజుల్లో పెద్ద తేడా కనిపించినా, శబ్దం మారినా, కమురు వాసన వచ్చినా ఆపేయాలి. ఆపి, ఫ్యూజులు పీకి, బేరింగుల దగ్గర వేడి చూడాలి. అంతా బాగుంటే అరగంట నడపాలి. మరునాడు ఇంకొకసారి మెగ్గర్ వేసి చూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

మళ్లీ మునగకుండా

మునిగాక చేసే పది పనుల కంటే ముందు చేసే ఒక్క పని మేలు. మీ పొలంలో వరద ఎంత ఎత్తు వచ్చిందో షెడ్డు గోడ మీద, స్తంభం మీద రంగుతో గీత గీయండి. స్టార్టరు డబ్బా ఆ గీతకు పైన ఉండాలి. తీగలు డబ్బాలోకి కిందినుంచి రావాలి, పైనుంచి కాదు. లోపలికి వెళ్లే ముందు తీగ ఒక వంపు కిందికి తిరిగి ఉంటే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

వాగు, కాలువ మోటార్లను దిమ్మెకు బిగించిన బోల్టులకు ముందే గ్రీజు రాసి ఉంచితే వరద వేళ పది నిమిషాల్లో విప్పుకోవచ్చు. తుప్పుపట్టిన బోల్టు దగ్గర కుస్తీ పడుతూ నీళ్లలో నిలబడటం ప్రాణాలకు ముప్పు. విప్పే పానాలు మోటారు షెడ్డులో కాదు, ఇంట్లో ఉండాలి. గోదావరి పక్కన ఉన్నవారికి భద్రాచలం హెచ్చరికలే గడియారం. 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చేసరికి లంకల్లోని మోటార్లు ఇంటికి చేరాలి. మూడోదాకా ఆగితే మోటారు కోసం మనిషిని పంపకూడదు. మోటారు మళ్లీ కొనుక్కోవచ్చు.

మోటారుకు ప్లాస్టిక్ సంచి చుట్టి వదిలేస్తే నీరు ఆగదు. ఏ సందు నుంచో దిగుతుంది, దిగింది బయటికి రాదు. కొత్త మోటారు కొనేటప్పుడు నేమ్‌ప్లేటు మీద ఐపీ అనే అక్షరాల పక్కన ఉండే అంకె చూడండి. ఐపీ 55 అంటే చిమ్మే నీటికి ఆగుతుంది గానీ మునిగితే ఆగదు. ఐపీ 68 ఉన్నవే నీళ్లలో ఉండటానికి చేసినవి. దుకాణంలో వాటర్‌ప్రూఫ్ అన్న మాట విని కొనవద్దు, అంకె చూసి కొనండి.

పంటల బీమా పైరుకే వర్తిస్తుంది, మోటారుకు కాదు. పంపుసెట్టుకు విడిగా బీమా ఉంటే ఆ కాగితంలో వరద నష్టం రాసి ఉందో లేదో ఇప్పుడే చదివించుకోండి. మునిగిన మోటారును కదపకముందే నేమ్‌ప్లేటు నంబరు కనబడేలా ఫొటోలు తీసి ఉంచుకోండి.

గుర్తుంచుకోవలసినవి

* ఫ్యూజులు పీకనిదే మోటారును ముట్టుకోవద్దు. ఆటో స్టార్టరు ఉంటే ముందే ఆఫ్ చేయాలి.
* బురద ఎండకముందే మంచినీళ్లతో కడగాలి.
* నిదానమైన వేడితో రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. మంట చూపకూడదు.
* మెగ్గర్‌లో కనీసం 1 మెగ్ ఓము రానిదే కరెంటు ఇవ్వకూడదు. సిరీస్ బల్బును నమ్మకూడదు.
* మునిగిన ఎంసీబీ, ఓవర్‌లోడ్ రిలే, మూసిన బేరింగులు మార్చాలి.
* స్టార్టరు డబ్బా వరద గీతకు పైన ఉండాలి. ఎర్తు సరిగా ఉండాలి.

పక్క పొలం మోటారు ఆడుతోందని, మన వంతు కరెంటు పోతోందని తొందర పుడుతుంది. ఆ మూడు రోజులు ఓపిక పడితే అదే మోటారు ఇంకా చాలా పంటలకు నీళ్లు పోస్తుంది.